టీచరుగారి మొండి శిష్యుడు

“చెవి,” అన్నాడు వడ్రంగి.

టీచరుగారు చేతిలో ఉన్న బొమ్మను తిప్పి చూసుకుంది. అది తాళంచెవి బొమ్మ.

“ఏ చెవండీ? దీంతో వింటారా ఎవరైనా?”

“చెవే,” అన్నాడా వడ్రంగి మొగుడు మొండిగా.

ఆవిడ కళ్లు మూసుకుని ఓపిక తెచ్చుకుంది. వేళ్లతో బల్ల మీద దరువేసింది. “తా... తాళం... చెవి,” అంది, ఒక్కో ముక్కా విడదీసి. “ఏదీ, అనండి.”

“తాళంచెవి.”

“ఆ. అలా రావాలి.”

ఆసుపత్రి నుంచి ఇల్లు చేరిన మర్నాటి నుంచీ ఇదే వరస. బడిలో ఎందరికో పాఠాలు చెప్పిన ఆవిడకి ఇప్పుడు ఒక్కడే శిష్యుడు మిగిలాడు, ఆ ఒక్కడూ శుద్ధ మొద్దు. రంపంతో, ఉలితో బతికిన మనిషికి బొమ్మలు చూసి పేర్లు చెప్పడమంటే చిరాకే. అయినా పొద్దున్నే పని పక్కన పడేసి, పొట్టు దులుపుకుని, బల్ల ముందు కూర్చునేవాడు. బుర్రలో నరం చిట్లి పోయిన మాటల్లో మొదటి నెలల్లో తెచ్చుకున్నవే నిలుస్తాయని, తర్వాత కష్టమని మాటల డాక్టరమ్మ ముందే చెప్పింది. అది విని మొగుడూ పెళ్లాలిద్దరూ ఏడ్చారు. తర్వాత టీచరుగారు నడుం బిగించింది. పలకరింపు లేని ఇంట్లో ఎలా బతకడం?

ఇవాళ డాక్టరమ్మ కూడా వచ్చి, కిటికీ పక్కన కూర్చుని చూస్తోంది.

“మీ ఒంట్లో ఎలా ఉంది టీచరుగారూ?”

“నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ముందు ఈయన సంగతి చూడండి. కుర్చీ కాలు చూపిస్తే మోకాలంటారు. రంపం పళ్లు చూపిస్తే నోరు తెరిచి తన పళ్లు చూపిస్తారు.”

వడ్రంగి నిజంగానే పళ్లు చూపించాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది.

“అదీ మంచిదే. ఒక మాటకున్న దగ్గర దగ్గర అర్థాలన్నీ బుర్రలో ఒకే ఇంటి గదులనుకోండి. ఒక గదిలో దీపం వేస్తే పక్కగదిలోకీ వెలుతురు పడుతుంది. నోట్లో పళ్లు గుర్తొచ్చాయంటే రంపం పళ్లు ఎంతో దూరంలో లేవు. పక్కగది దాకా వచ్చిన మాటని ఇవతలికి పిలవడమే మన పని.”

“పిలిస్తే పలకాలి కదా. ఈయన పక్కగదిలో పడుకుని గురక పెడుతున్నారు.”

“సరే, ఇవాళ బొమ్మలు చాలు. ‘పట్టు’ తీసుకోండి. దాంతో ఏమేం వస్తాయో చూద్దాం.”

“తుప్పు పట్టింది,” అన్నాడు వడ్రంగి వెంటనే.

“ఎంతసేపూ ఆ ఇనుప గోలే. ఇంకా?”

“చెమట... తుప్పు పట్టింది.”

“చెమటకి తుప్పేమిటండీ. చెమట పట్టింది. ఇంకా?”

“నిద్ర దొరికింది.”

టీచరుగారి వేళ్లు మళ్లీ బల్ల మీద ఆడాయి. “నిద్ర... నిద్ర పట్టింది. దొరకడానికి అదేమన్నా దొంగా?”

వడ్రంగి కుడిచెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. “చెయ్యి...” అని ఆగిపోయాడు.

“ఊఁ, చెయ్యి?”

“కుర్చీ చెయ్యి.”

“కాదు.”

“చెయ్యి తుప్పు.”

“కాదంటున్నానా.”

టీచరుగారికి కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. పెదాలు కదిలాయి గానీ ఆ మాట నోటికి రాలేదు. డాక్టరమ్మ కుర్చీలోంచి లేవబోయింది. వడ్రంగి డాక్టరమ్మని ఒక్క చూపుతో ఆపి, మళ్లీ భార్య వైపు తిరిగాడు. చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు. బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు.

“చెయ్యి... పట్టుకో,” అంది టీచరుగారు చివరికి, ఆ చేతిని నిజంగానే పట్టుకుని. “ఇంత చిన్నదానికి ఇంతసేపా? మీతో వేగలేకపోతున్నాను.”

“పట్టుకో,” అన్నాడాయన బుద్ధిగా. కళ్లు తడిశాయి.

“ఛ, ఏడుస్తారేమిటి? వస్తాయి, అన్నీ వస్తాయి. పట్టిన పట్టు వదిలే మనిషిని కాదు నేను.”

ఆ చివరి మాటకి వడ్రంగీ డాక్టరమ్మా ఒకేసారి తలెత్తారు. టీచరుగారు అది గమనించకుండా కళ్లు తుడుచుకుని లేచింది.

“టీ పెడతాను. ఈలోపు ఆయన చేత ఇంకోసారి అనిపించండి. లేకపోతే మర్చిపోతారు.”

వంటింట్లో గ్లాసుల చప్పుడు మొదలైంది. వడ్రంగి తలుపు చేరవేసి వచ్చి, డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, గొంతు తగ్గించి, ఎక్కడా తడుముకోకుండా అన్నాడు.

“రేపు మా ఆవిడ చేత పలికించాల్సిన మాటలు చెప్పండి డాక్టరమ్మా, అవే మర్చిపోతాను.”