ఎనిమిదో ఓటు

టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళిన బల్ల దగ్గర ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు.

అన్నం ట్రేతో తిరిగొచ్చిన అలేఖ్యకు ఒళ్ళు మండింది. తిండి దుకాణాలుండే సింగపూర్ హాకర్ సెంటర్లో బల్లమీద టిష్యూ ప్యాకెట్ ఉందంటే ఆ చోటు ఎవరిదో అయిపోయినట్టే. చిన్నపిల్లలకు కూడా తెలిసిన చట్టం అది. దాన్నే ఇక్కడ 'చోప్' చేయడం అంటారు.

"అంకుల్, ఇది నేను చోప్ చేసిన చోటు," అంది ఇంగ్లీషులో.

ఆయన గబుక్కున లేచాడు.

"క్షమించండి. ఇక్కడి పద్ధతి నాకు తెలియదు. నేను..."

"పర్లేదు, ఆ చివర కూర్చోండి."

ఆ మాట కూడా తల ఎత్తకుండానే అని, పసుపురంగు ఫైలు తెరిచింది. మూడింటికి ఇదే భవనం పై అంతస్తులో ఉన్న ఆఫీసులో ఆమె ప్రసంగం.

అలేఖ్యది తెనాలి. ఇక్కడే తంజోంగ్ పగార్ పేటలో ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం. రెండేళ్ళుగా సాంతా లుమియా అనే బుల్లి కరీబియన్ దీవిని పట్టుకుని వేలాడుతోంది. సైన్యం, విదేశీ వ్యవహారాలు ఎక్కడో ఐరోపా రాజుగారివి. మిగతా పాలనంతా పదిహేనుమంది సభ్యులున్న అక్కడి శాసనసభదే. మూడేళ్ళ కిందట ఒక బిల్లు మీద ఎనిమిది ఓట్లు వ్యతిరేకంగా పడి ప్రభుత్వం కూలిపోయింది. ఆ ఎనిమిదో ఓటు అధికార పార్టీ మనిషి హిలారియో క్రుస్‌ది.

ఆయన ఫైలు మీది దీవి పేరు చూశాడు.

"ఈ దీవి మాదే."

అలేఖ్య మొహం చాటంత అయింది.

"నిజంగానా అంకుల్? ఇక్కడేం చేస్తున్నారు?"

"ఓడలో వంట చేస్తాను. ఐదింటికి ఓడ బయలుదేరుతుంది."

కాలిన మచ్చలున్న చేతులను ఒళ్ళోకి తీసుకున్నాడు.

వంటాయన అని తెలిసేసరికి ఆమె గొంతులోకి పంతులమ్మ వచ్చేసింది.

"అయితే ఇది వినండి. 'హిలారియో క్రుస్ అమ్ముడుపోయాడు.' నా వ్యాసంలో మొదటి వాక్యం."

ఆయన ముందున్న ప్లేటు పక్కకి జరిపాడు.

"ఆయన్ని అడిగారా?"

"గోడ దూకినవాడు నిజం చెబుతాడా? ఈ విద్య మా తెలుగువాళ్ళకి ఒకరు నేర్పాలా అంకుల్. నిన్న ఒక కండువా, ఇవాళ ఇంకోటి. ఊరికే ఎవడూ దూకడు."

"జాలర్ల తీరాన్ని హోటల్‌కి రాసిచ్చే బిల్లు అది. ఆయన వద్దన్నాడు."

"ఇంకో హోటలువాళ్ళు కొనుంటారు."

"ఏ హోటలూ రాలేదు. ఇవాళ్టికీ అక్కడ వలలే ఆరేస్తున్నారు."

"అయితే ఎక్కడో మేడ కట్టుకుని కూర్చునుంటాడు," అని నవ్వింది.

ఆ నవ్వు తలుచుకుని తర్వాత ఎన్నిసార్లు తల దించుకుందో ఆమెకే తెలుసు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ మొదటి వాక్యంలో ఒక్క మాట..."

"ఇప్పుడు మార్చడానికి టైం లేదంకుల్. ఇవాళ పెద్దవాళ్ళు మెచ్చుకుంటేనే నా ఉద్యోగం ఇంకో రెండేళ్ళు. లేదంటే నెలాఖరుకి పెట్టె సర్దుకోవాలి. ఆ వాక్యమే నా వ్యాసానికి ప్రాణం."

ఆయన ఫైలు వంక చూశాడు, ఆమె వంక చూశాడు. తన ప్లేటు తానే తీసుకుని లేచాడు.

"ఇలారియో," అన్నాడు.

"ఏంటి?"

"మా భాషలో మొదటి 'హ' పలకం. ఇలారియో. అంతమందిలో తప్పు పలికితే మీకు చిన్నతనం కదా."

"థాంక్యూ అంకుల్," అంది అలేఖ్య, ఫైల్లో దిద్దుకుంటూ.

ప్రసంగం అదిరింది. పేరు అంత చక్కగా పలికినందుకు డైరెక్టర్ పూలగుత్తి ఇచ్చి ప్రత్యేకంగా అభినందించాడు. ఉద్యోగం నిలిచింది. అందరితో కరచాలనాలు, కాఫీలు ముగిసేసరికి ఐదు దాటిపోయింది.

కింద రిసెప్షన్‌లో భువన పలకరించింది. మూడు తరాలుగా ఇక్కడే ఉంటున్న తెలుగువాళ్ళ పిల్ల; తెలుగులోనూ ఇక్కడి 'లాహ్' వదలదు.

"అక్కా, ఆ అంకుల్ నిన్ను కలిశాడా? బయట పోస్టర్‌లో నీ వ్యాసం మొదటి వాక్యం చదివి, మధ్యాహ్నం నీకోసమే వచ్చాడు లాహ్. మకాన్ తినడానికి కిందికెళ్ళింది, పసుపు ఫైలు చూసి గుర్తుపట్టండి అని పంపించాను."

అలేఖ్య చేతిలో పూలగుత్తి కిందికి వాలిపోయింది.

"నాకోసమా? పేరేంటి ఆయనది?"

"నువ్వు అడగలేదా?"

అడగలేదు. ఈ ఊళ్ళో టాక్సీ నడిపేవాడూ అంకులే, కాఫీ కలిపేవాడూ అంకులే. అంకుల్ అనేశాక ఇక పేరుతో పనేముంది? ఆ మాటకొస్తే హిలారియో క్రుస్ ఫొటో కోసం కూడా రెండేళ్ళలో ఒక్కసారి వెతకలేదు. ఆమెకు కావలసింది ఓటు, మనిషి కాదు.

"మళ్ళీ ఒంటిగంటన్నరకి వచ్చాడక్కా. పెన్ను అడిగి, రిజిస్టర్లో తను రాసిందేదో దిద్దుకుని వెళ్ళిపోయాడు."

అలేఖ్య రిజిస్టర్ తన వైపు తిప్పుకుంది. చూడకముందే సిగ్గు ముంచుకొచ్చింది.

హిలారియో క్రుస్ అన్న పేరుకెదురుగా, వచ్చిన పని అన్నచోట, 'నా పేరు పక్కనున్న ఆ ఒక్క మాట తీసేయమని అడగడానికి' అని రాసినదాన్ని ఒక్క గీతతో కొట్టేసి, పైన అదే దస్తూరీతో 'అమ్మాయి ప్రసంగం బాగా జరగాలని చెప్పడానికి' అని రాసి ఉంది.