తెల్ల చీటీ సీసా

"మందు ఆపితే నా బిడ్డ చెవి మళ్ల కారుతది సారూ! నేను తొవ్వ ఇడువ!" అంటూ జంపక్క జీపుకు అడ్డం నిలబడింది. ఎనిమిదేళ్ల కూతురు సుక్కిని రెక్క పట్టుకుని తన ముందే నిలబెట్టుకుంది.

జీపు ముందు సీట్లో కూర్చున్న చెవి డాక్టరు గారు గడియారం చూసుకున్నారు. పైన కొండల్లో వాన దంచుతోంది. అరగంటలో వాగు దాటకపోతే జీపు ఇవతలే ఉండిపోతుంది. భద్రాచలంలో ఆయన ఎక్కాల్సిన హైదరాబాదు బస్సు కాస్తా వెళ్లిపోతుంది.

"మీరే నచ్చజెప్పండి రావుగారూ," అన్నారు పక్కన నిలబడ్డ కాంపౌండరు వెంకటరామారావుతో.

ఏమని నచ్చజెప్పాలి? పట్నం డాక్టర్లు కొత్త చెవి మందును పరీక్షించడానికి ఈ ఒక్క గూడేన్నే ఎంచుకున్నారు. చెవి కారే పిల్లలు ఇరవై నలుగురున్నారు. నాలుగు నెలలుగా సీసాలు మోసుకొచ్చి, పేరు పేరునా పిలిచి చేతికిచ్చింది వెంకటరామారావే. తగ్గుతుంది, నాదీ పూచీ అని తల్లులకు మాటిచ్చిందీ అతనే. సుక్కికి నిజంగానే తగ్గుతోంది. మొదట్లో ఎదురుగా నిలబడి అరిస్తే తప్ప పలకని పిల్ల, ఇప్పుడు వెనకనుంచి పిలిచినా తిరిగి చూస్తోంది. ఇంకో రెండు నెలలు వేస్తే చెవి పూర్తిగా ఆరిపోయేదే. ఇంతలో డాక్టరు గారొచ్చి ఇవాళ్టితో మందు ఆపేస్తున్నామన్నారు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అతనికి ఇవాళ తెలిసొచ్చింది.

"ఈ ఒక్క పిల్లకైనా రెండు సీసాలు ఇచ్చి వెళ్లండి సార్. పెట్టెలో మిగిలినవి ఉన్నాయి గదా," అన్నాడు బతిమాలుతూ.

డాక్టరు గారు గొంతు తగ్గించారు.

"మీకు ఇప్పుడు చెప్పొచ్చు లెండి. ఎర్ర చీటీ అంటించిన సీసాల్లోనే మందుంది. తెల్ల చీటీ సీసాల్లో వట్టి ఉప్పునీళ్లు. మందు పనితనం తేలాలని సగం మందికి అదీ, సగం మందికి ఇదీ ఇచ్చాం. ఏది ఏదో నిన్నటిదాకా నాకూ తెలీదు. సీలు వేసిన కవరు నిన్ననే విప్పాను."

వెంకటరామారావు తన చేతులకేసి చూసుకున్నాడు. ఈ చేతులతోనే పన్నెండు మంది పసివాళ్లకు ఉప్పునీళ్లు పంచాడన్న మాట!

"మరి... ఏం తేలింది సార్?"

"ఏముంది తేలడానికి! ఎర్ర చీటీ పన్నెండు మందిలో తొమ్మిది మందికి తగ్గింది. తెల్ల చీటీ వాళ్లలోనూ సరిగ్గా తొమ్మిది మందికే తగ్గింది. ఉప్పునీళ్లకు సరిసమానమైన మందు ఎవరిక్కావాలి? సీసాతో పాటిచ్చిన దూదితో రోజూ తుడవడం వల్లే తగ్గిందని రిపోర్టు రాసి పొద్దున్నే పంపించేశాను. ఈ మందు ఇంక తయారు కాదు. అన్నట్టు ఈ పిల్లది తెల్ల చీటీ. ఆ చెవిలో ఒక్క చుక్క మందు పడలేదు. ఈ దూది ఇచ్చేయండి, చాలు."

జంపక్క చేతిలో దూది చుట్ట పెట్టాడు వెంకటరామారావు. ఆమె దాన్ని చూసి భగ్గుమంది.

"దూదేంది సారూ? మూడేండ్ల సంది గుడ్డ పెట్టి తుడుస్తనే ఉన్న. అప్పుడెందుకు తగ్గలే? మీ చుక్కలు పడ్డంకనే తగ్గింది. నా కండ్లతోటి నేను చూసిన!"

"అలాగే అనిపిస్తుందమ్మా," అన్నారు డాక్టరు గారు మెత్తగా.

పాపం, ఆయన్నీ తప్పుపట్టలేం. కాగితం మీద ఉన్నది అదే మరి.

గూడెం పెద్ద ముసలయ్య వచ్చి జంపక్క భుజం పట్టి పక్కకు జరిపాడు. "వాగొస్తున్నది బిడ్డా. సారును పోనియ్యి. ఊరికొచ్చినోణ్ని ఆపొద్దు."

జీపు కదిలింది. కాసేపటికి వాగులో దిగిన చప్పుడు, అవతలి గట్టు ఎక్కుతున్న మూలుగు వినిపించాయి. ఆ వెనకే ఎర్రనీళ్లు హోరున వచ్చిపడ్డాయి. ఇక రెండు రోజులు అటూ ఇటూ మనిషి దాటడు. వెంకటరామారావు ఉండే క్వార్టరు ఇవతలే కాబట్టి అతను మిగిలిపోయాడు.

జంపక్క అతని ముందుకొచ్చింది. ఇప్పుడామె గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"నువ్వన్నా నిజం చెప్పు సారూ. మందు ఏంటికి ఆపిండ్రు? మేమేం తప్పు చేసినం?"

ఇక దాచి ఏం లాభం?

"తప్పు మీది కాదమ్మా. ఎర్ర చీటీ సీసాల్లోనే మందుంది. నీ బిడ్డకిచ్చిన తెల్ల చీటీ సీసాలో మందు లేదు, ఉప్పునీళ్లే. ఆ సంగతి నాకూ ఇందాకే తెలిసింది. నీళ్లేసినోళ్లకూ మందేసినోళ్లకూ ఒక్కతీరుగా తగ్గింది గనుక, మందుతో పని లేదని రాసి పంపిండ్రు."

తిడుతుందనుకుని తలవంచుకున్నాడు. నాలుగు తగిలించినా పడదామనే అనుకున్నాడు. కానీ జంపక్క ఏమీ అర్థం కానట్టు ముసలయ్య మొహం చూసింది. ముసలయ్య అంతకన్నా వింతగా వెంకటరామారావు మొహం చూశాడు.

"ఎర్రదేంది, తెల్లదేంది సారూ? వేటల పడ్డ దుప్పైనా, సర్కారిచ్చిన మందైనా ఊరందరికీ ఒక్క తీరుగ పంచుకునుడే మా రివాజు. నువ్వు సీసాలిచ్చి పోయినప్పుడల్లా, ఇరవై నాలుగూ ఒక్క సొరబుర్రల పోసి కలిపి, మళ్ల ఎవరి సీసా వాళ్లకు నింపిచ్చినం గద!"