చేప లేని సీసా

“నా చేతుల్లో ఏముందమ్మా? నేను ఇవ్వకపోతే ఆ మూల షాపు వాడు ఇస్తాడు” అన్నాడు మందు షాపాయన.

కౌంటరు అవతల నిలబడ్డ ఆవిడకి ఆ సంగతి తెలుసు. అయినా కదల్లేదు. ఇక ఒక్క చుక్క పడినా భర్త కాలేయం తట్టుకోదని డాక్టరు తేల్చి చెప్పేశాడు. ఇంట్లో అరిచింది, ఏడ్చింది, మాట్లాడ్డం మానేసింది. అన్నీ అయిపోయాకే ఇక్కడికొచ్చింది.

“మీరూ మనిషే కదా బాబూ” అనేసి వెళ్లిపోయింది.

ఆవిడ భర్త ఆ షాపుకి పాత కస్టమర్. అందరికీ పెద్దాయనే. పేరు గానీ పూర్వోత్తరాలు గానీ ఎవరూ అడగలేదు. సాయంత్రం ఆరింటికి వస్తాడు. ఒకే రకం బ్రాందీ, ఒకే సైజు సీసా. తాగుడు సంగతి పక్కన పెడితే మనిషి పరమ శాకాహారి. గుడ్డు పడిందంటే పుట్టినరోజు కేకు కూడా ముట్టడు.

అదే మధ్యాహ్నం షాపాయన కంట ఒక పేపరు ముక్క పడింది. వైన్, బీరు తేటగా కనబడ్డానికి కొన్నిచోట్ల చేప కడుపులోని గాలితిత్తినీ, గుడ్డు తెల్లసొననీ వాడతారట. అందులో బ్రాందీ ఊసే లేదు. షాపాయనే చేర్చాడు.

“చేపా?” ఆ సాయంత్రం పెద్దాయన చెయ్యి సీసా మీదే ఆగిపోయింది.

“చేపే సార్. మడ్డి అంతా దానికి అంటుకుని కిందకి దిగుతుందట. మీకు తెలిసే తాగుతున్నారేమో అనుకున్నా.”

పెద్దాయన చాలాసేపు షాపాయన మొహంలోకి చూశాడు. “ఎంత ఘోరం! ఇన్నేళ్లూ చేపనీళ్లు తాగానన్నమాట” అన్నాడు. సోడా కొనుక్కుని వెళ్లిపోయాడు.

షాపాయన పొంగిపోయాడు. ఆ సంబరం మర్నాడు ఆరింటిదాకానే.

“చేప లేనిది ఒక్కటి చూడవయ్యా” అంటూ పెద్దాయన మళ్లీ ప్రత్యక్షం. చేతులు వణుకుతున్నాయి. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. “నా వల్ల కావడం లేదు.”

ఇక మొదలైంది నాటకం. షాపాయన భూతద్దం పెట్టి సీసా వెనకాల అక్షరాలన్నీ చదివేవాడు. తర్వాత “ఉండండి, కంపెనీ వాళ్లనే అడుగుదాం” అని ఫోన్ తీసేవాడు. ఆ ఫోన్ వెళ్లేది సొంత పెళ్లానికి.

“హలో, కంపెనీయేనా అండీ?”

“మీకు మతి గానీ పోయిందా?” అనేది ఆవిడ మొదట్లో. వారం తిరిగేసరికి ఆవిడే అందించడం మొదలుపెట్టింది. “నిన్న చేప చెప్పారుగా, ఇవాళ తెల్లసొన చెప్పండి.”

ఒకరోజు తెల్లసొన. ఒకరోజు ఎముకల జిగురు. రంగు కోసం పురుగుల్ని నూరి కలుపుతారని ఇంకోరోజు. ప్రతిసారీ పెద్దాయన “ఛీ ఛీ” అని మొహం చిట్లించి, సోడా పట్టుకుని వెళ్లిపోయేవాడు.

షాపాయన భయమల్లా ఆ మూల షాపే. ఉండబట్టలేక అడిగేశాడు.

“అక్కడ గానీ కనుక్కున్నారా సార్?”

“వాడి మొహం! మంచినీళ్లు శాకాహారమో కాదో కూడా తెలీదు వాడికి. నువ్వైతే కనుక్కుని మరీ చెబుతావు.”

ఆ మాటకి షాపాయనకి తల కొట్టేసినట్టయింది.

ఇరవై రోజులు. నలభై రోజులు. చుక్క ముట్టలేదు. అయినా మనిషి తేరుకోలేదు. కళ్లు పచ్చబడ్డాయి. కాళ్లు వాచి చెప్పులు పట్టడం మానేశాయి. పొట్ట కుండలా ముందుకొచ్చింది. నలభై మూడో సాయంత్రం కౌంటరు పట్టుకుని నిలబడి, “ఆలస్యమైపోయిందన్నాడయ్యా డాక్టరు. ఇక చెయ్యగలిగింది లేదట” అన్నాడు.

ఇంక ఎవరి కోసం ఈ అబద్ధం అనిపించింది షాపాయనకి. పోయే మనిషికి ఒక్క గుక్క కూడా దక్కకుండా చెయ్యడం ఏం న్యాయం? వెనక్కి తిరిగి, పెద్దాయన ఎప్పుడూ తాగే బ్రాందీయే తీసి ముందు పెట్టాడు.

“దొరికింది సార్. శుద్ధ శాకాహారం. చేప లేదు, గుడ్డు లేదు. పద్ధతి మార్చారట.”

పెద్దాయన మొహం పాలిపోయింది. సీసా అందుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. వేళ్లు మూత మీదికి వెళ్లాయి. అక్కడే ఆగాయి.

“సరిగ్గా కనుక్కున్నావా?”

“కనుక్కున్నా సార్.”

“మళ్లీ కనుక్కో. చేప ఉండే ఉంటుంది.” గొంతు బతిమాలుతున్నట్టుంది.

చావు ముంగిట కూడా ఇదేం నిష్ఠరా దేవుడా అనుకున్నాడు షాపాయన. ఫోన్ తీశాడు. పెళ్లాం అవతల ఏదో అంటోంది, వినలేదు.

“ఉందిట సార్.”

“నేను చెప్పలేదూ!” పెద్దాయన సీసా వెనక్కి తోసేశాడు. ఆ రోజు సోడా కూడా తీసుకోలేదు.

పన్నెండు రోజులకి పోయాడు.

షాపాయన షాపు మూసి వాళ్లింటికి వెళ్లాడు. ఇరుకు గది. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. ఆవిడ కుర్చీ చూపించింది కానీ కూర్చోలేకపోయాడు.

“మీరు అడిగారని ఒక అబద్ధం ఆడానమ్మా. ఆ బ్రాందీలో చేపా లేదు, గీపా లేదు. పోనీ నా అబద్ధం ఆయన ప్రాణమైనా నిలబెట్టిందా అంటే అదీ లేదు. ఆఖరికి ఒక్క గుక్క కూడా లేకుండా పంపించాను. పాపం, నిజం తెలియకుండానే వెళ్లిపోయారు.” చెబుతూ చెబుతూనే ఏడ్చేశాడు.

ఆవిడ అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

“తెలియకపోవడమేంటి బాబూ, ముప్పై ఏళ్లు ఆయన చేసింది బ్రాందీ ఫ్యాక్టరీలో వడపోత పనేగా.”