అచ్చయిన వాక్యం

ఇంగ్లీషు నిఘంటువు ఆఫీసులో ఆ నెలంతా ‘టైమ్’ అనే మాట మీదే పని. అర్థాలు అప్పటికే నలభై దాటాయి. ఒక్కో అర్థానికి ఒక చీటీ, దానిమీద ఎవరో వాడిన వాక్యం.

ఫ్రాన్స్‌లో యుద్ధానికి వెళ్ళిన తమ్ముడి ఉత్తరంలోంచి, ఆఫీసులో చీటీలు రాసే హెస్టర్ ఒక వాక్యం రాసిచ్చింది: ‘ఇక్కడ టైమ్ బురదలో కూరుకుపోయింది.’

“బాగుందమ్మాయ్. కానీ ఉత్తరాల్లోవి చెల్లవు, అచ్చులో ఉండాలి,” అని సంపాదకుడు పెల్లో గారు వెనక్కిచ్చేశారు.

ఇవాళ ఆమె అదే చీటీ మళ్ళీ ఆయన బల్లమీద పెట్టింది.

“మళ్ళీ ఇదేనా? చెప్పాను కదా!”

“అచ్చయిందండీ. ఇవాళ్టి పేపరు, నాలుగో పేజీ.”

ఆయన తీసి చూశారు. పేజీ నిండా యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లతో ఇంటివాళ్ళు వేయించిన ప్రకటనలు. హెస్టర్ ఇంటిపేరున్న ఒక పేరు కింద ఆ వాక్యం.

హెస్టర్ కలాన్ని సిరాలో ముంచింది.

“ఎన్నో అర్థం కింద వెయ్యమంటారండీ?”