ఆటుపోట్లు అడిగిన గొంతు

రేడియో స్టూడియోలో ఎర్ర దీపం వెలిగింది. మాటల పుట్టుక చెప్పే కార్యక్రమం మొదలైంది గానీ ఫోను మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. మాస్టారికి ముచ్చెమటలు పోశాయి. ఈ వారం కూడా ఎవరూ ఫోను చెయ్యకపోతే కార్యక్రమం ఎత్తేస్తానని డైరెక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. బడి నుంచి రిటైరయ్యాక ఆయనకు మిగిలిన సంబరం ఇదొక్కటే.

అందుకే పొద్దున భార్యను బతిమాలుకున్నాడు. మధ్యాహ్నం ఫోను చేసి, గొంతు మార్చి, ఏదో ఒక మాటకు అర్థం అడగమన్నాడు. ఈ వయసులో నాకీ వేషాలేమిటని ఆవిడ నవ్వింది గానీ, చివరికి సరేనంది.

ఫోను మోగింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

"ఆటుపోట్లు అంటారు కదండీ, ఆ మాట ఎక్కణ్నుంచి వచ్చింది?" అని అడిగిందో ఆడగొంతు, ముక్కుతో మాట్లాడుతున్నట్టు.

అమ్మ గడుసుదానా, ఎంత బాగా మార్చిందీ గొంతు అనుకున్నాడు మాస్టారు. నవ్వు ఆపుకుని అందుకున్నాడు. సముద్రం వెనక్కి తగ్గితే ఆటు, పొంగి ముందుకొస్తే పోటు. పడవలు నడిపేవాళ్లకు ఆ రెండూ తెలియకపోతే పూట గడవదు. ఆ మాటే మెల్లగా ఒడ్డెక్కి మన కష్టసుఖాల్లోకి వచ్చి కూర్చుందని చెప్పాడు.

"మరి ఆటు వచ్చినప్పుడు మనిషి ఏం చెయ్యాలండీ?"

మాస్టారు కరిగిపోయాడు. ఒకప్పుడు ఉద్యోగం ఊడి తాను ముసుగుతన్ని పడుకుంటే, పక్కన కూర్చుని నవ్వించి నవ్వించి లేపింది ఈవిడే కదా. ఇక మైకు సంగతే మరిచిపోయాడు.

"ఏం చెయ్యక్కర్లేదు. పక్కన నువ్వుంటే చాలు. ఇన్నేళ్లూ చెప్పలేదు గానీ, నువ్వంటే నాకు ప్రాణం. సాయంత్రం సినిమాకి తయారుగా ఉండు."



"అలాగేనండీ," అని మెల్లగా వినిపించి ఫోను ఆగిపోయింది.

ఆ తర్వాత ఫోన్లే ఫోన్లు. ఆ అదృష్టవంతురాలెవరని ఊరంతా అడిగేవాళ్లే. మాస్టారు ముసిముసిగా నవ్వి దాటేశాడు. డైరెక్టరు పరుగున వచ్చి చెయ్యి కలిపి, కార్యక్రమం ఇక ఆగదని మాటిచ్చాడు.

మాస్టారు కూనిరాగం తీస్తూ ఇంటికొచ్చాడు. భార్య గుమ్మంలో తల దించుకుని నిలబడింది. పాపం, సిగ్గుపడుతోందనుకుని ఆయన ఇంకా మురిసిపోయాడు. అదరగొట్టావంటూ దగ్గరికెళ్లాడు.

"కునుకు పట్టేసిందండీ, ఫోను చెయ్యనేలేదు."