గజ్జెలు పోయిన పాట

“నీ బెల్లు గూడా సెడిపొయ్యింది గదప్పా!” తలుపు దబదబా బాదుతూ అరిచాడు మునిశేఖర్.

“వస్తా ఉండాం అన్నా, తలుపు ఇరగ్గొట్టేట్టు ఉండావే” అంటూ ప్రసన్నకుమారి తలుపు తీసింది. ఆమె మాట పూర్తయ్యేలోగా అతడు హాల్లోకి వచ్చేశాడు. ఆమె భర్త ఢిల్లీబాబు కూర్చోమన్నా కూర్చోలేదు. సోఫాకూ కిటికీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరగసాగాడు.

మునిశేఖర్ ఆర్టీసీ డిపోలో పనిచేసి రిటైరయ్యాడు. తిరుపతిలో సంగీత దర్శకుడు శాంతయ్య అభిమానుల సంఘానికి అతడే పెద్ద. ఏ పాటలో ఏ వాద్యం ఎక్కడ అందుకుంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అందుకే సంఘంలో అందరూ అతణ్ని ‘చెవి మునిశేఖర్’ అంటారు. ఆ పేరు విన్నప్పుడల్లా మీసం దువ్వుకుంటాడు. మనిషన్నాక ఏదో ఒక గర్వం ఉండాలి కదా, ఇది ఎవరికీ ఖర్చు లేనిది.

శాంతయ్య కట్టిన గజ్జెల పాటంటే వాళ్లందరికీ ప్రాణం. దాన్ని ఆడియో కంపెనీ వాళ్లు ఈమధ్య పాత రొద తీసేసి, శుభ్రం చేసి మళ్లీ విడుదల చేశారు. మునిశేఖర్ విన్నాడు, వాట్సాప్ గ్రూపులో నిప్పు పెట్టాడు. చరణంలో వచ్చే గజ్జెలు మాయమయ్యాయని, పాటను బండకేసి ఉతికి రంగు పోగొట్టారని రాశాడు. తప్పు ఫోనుదని ఒకరు, ఇయర్‌ఫోన్లదని ఒకరు సర్దిచెప్పబోయారు. మిగతావాళ్లు ‘అవునన్నా’ అన్నారు. పెద్దమనిషి మాటకు అడ్డం చెప్పే అలవాటు వాళ్లకు లేదు. చెప్పింది ఢిల్లీబాబు ఒక్కడే.

“గజ్జెలు ఉండాయప్పా. నేను ఇన్నాను” అన్నాడు ఇప్పుడు కూడా.

“నాకు ఇనపడనివి నీకు యాడ్నించి వచ్చినాయి? ఈ కాలంలో ఏదీ సక్కంగా సెయ్యరు. మా ఇంట్లో కుక్కరు సూడు, కొత్తది. విజిలే రాదు. మొన్న నా పెండ్లాం రాజశ్రీ సూసుకోమని సెప్పి గుడికి పొయ్యింది, పప్పు మాడి బొగ్గయింది. ఆయమ్మ నన్ను తిట్టిందే గానీ కుక్కరును ఒగ మాట అనలా!”

ప్రసన్నకుమారి నవ్వు ఆపుకుంటూ వంటింట్లోకి వెళ్లింది.

మునిశేఖర్ చొక్కా జేబులోంచి రుమాలులో చుట్టిన క్యాసెట్టు తీశాడు. పెళ్లికి ముందు కొన్నది. ఇన్నేళ్లలో దాన్ని ఇంకొకరి చేతికి ఇవ్వడం ఇదే మొదలు.

“ఇదీ అసలు పాట. ఇది ఎయ్, ఆ కొత్తదీ ఎయ్. తేలిపోతాది. ఓడినోడు రేపు మీటింగులో అందరి ముందర లేసి, నా సెవికి పాట తెలీదు అని సెప్పల్ల. నేను ఓడితే ఇంగ పాట గురించి జన్మలో నోరెత్తను.”

“అంత మాట ఎందుకప్పా?”

“అంతే. ఎయ్.”

ఢిల్లీబాబు క్యాసెట్టు అందుకున్నాడు. “అయితే ఏది ముందు ఏస్తానో నీకు సెప్పను. గోడ దిక్కు తిరుక్కో. ఏది పాతదో, ఏది కొత్తదో నువ్వే సెప్పల్ల. స్పీకర్లు రెండిటికీ అవే.”

మునిశేఖర్ గోడవైపు తిరిగాడు. కొన్నాళ్లుగా ఆ పాట అతణ్ని నిద్రపోనివ్వడం లేదు. గజ్జెలు లేకుండా వింటుంటే తన వయసుకాలాన్ని ఎవరో వచ్చి కొంచెం కొంచెంగా పట్టుకుపోతున్నట్టు భయం వేస్తోంది.

పాట మొదలైంది. తబలా పడింది, గొంతు కలిసింది, పల్లవి అయిపోయింది. చరణం రాగానే మునిశేఖర్ చూపుడువేలు పైకెత్తి, గజ్జె పడాల్సిన చోట ఆడించాడు. మళ్లీ ఆడించాడు. మెడ నరాలు ఉబ్బాయి.

“ఆపు! ఇదే కొత్తది” అని ఇటు తిరిగాడు. “గజ్జెలు యాడుండాయప్పా? క్యాసెట్టులో వచ్చే ఆ సుయ్యిమనే రొద గూడా లేదు. అంతా తుడిసి పెట్టినారు. ఇంగా నాకు సెప్తావా?”

వంటింటి గుమ్మంలోకి వచ్చిన ప్రసన్నకుమారి ఏదో అనబోయింది. ఢిల్లీబాబు చెయ్యెత్తి ఆపాడు.

అంతలో బెల్లు మోగింది. పాలమనిషి. ప్రసన్నకుమారి తలుపు దగ్గరికి వెళ్లింది. మునిశేఖర్ అటు తల కూడా తిప్పలేదు. “రెండోది ఎయ్, అదీ సెప్తా” అన్నాడు.

ఢిల్లీబాబు అతడి ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

“రెండోది వద్దులేప్పా. నువ్వే గెలిచినావు. రేపు నేనే లేసి సెప్తా.”

మునిశేఖర్ వచ్చినప్పటి నుంచీ మొదటిసారి సోఫాలో కూర్చున్నాడు. ప్రసన్నకుమారి ఇచ్చిన కాఫీ ఆస్వాదిస్తూ తాగాడు. గెలిచినవాడికి దయ కూడా వస్తుంది. “మనసులో పెట్టుకోవద్దప్పా. ఆ సెవి అందురికీ ఉండదు” అన్నాడు స్నేహితుడి భుజం తట్టి.

“అవునప్పా” అన్నాడు ఢిల్లీబాబు.

“నా క్యాసెట్టు?”

“ఈడే ఉండనీ. పొద్దున్నే నేనే తీసుకొస్తా. మీటింగుకు ముందర మనిద్దరం ఒగ సోటికి పోవల్ల.”

“యాడికి?”

“సెప్తాలే. రోడ్డు దాటేటప్పుడు రెండు పక్కలా సూసుకోని పో.”

మునిశేఖర్ నవ్వుకుంటూ, ఆ పాటే ఈలవేసుకుంటూ మెట్లు దిగాడు.

“ఏంది నువ్వు సేసిన పని?” అంది ప్రసన్నకుమారి.

ఢిల్లీబాబు టేప్ డెక్కు దగ్గరికి వెళ్లి మూత తెరిచాడు.

గజ్జెలతో, ఆ సుయ్యిమనే రొదతో సహా ఇంతసేపూ మోగింది మునిశేఖర్ క్యాసెట్టే.