ముదురు రంగు సీసా

"బాగా ముదురు రంగుది ఇవ్వమ్మా."

పెద్దాయన మళ్లీ వచ్చాడు. శనివారం, పదకొండు గంటలకు, అదే చేతిసంచితో.

కాస్మెటిక్స్ షాపు కౌంటర్లో అమ్మాయి నవ్వాపుకుంది.

షోకేసులో లైటు కింద, లోపలిది కనిపించే తెల్ల గాజు సీసాల్లో, మొహానికి రాసుకునే విటమిన్ సి సీరం ఉంది. కొన్నిట్లో నీళ్లలా తేటగా, కొన్నిట్లో టీ డికాషన్ రంగులో.

ఆయన ఒక్కో సీసా ఎత్తి చూసి, రంగు తిరిగినవే మూడు ఏరాడు.

"ఇన్ని ఎవరికి తాతయ్యా? కొత్త పెళ్లికొడుకువా ఏంటి?"

"అలాగే అనుకో."

"పోనీ తేటగా ఉన్నవి తీసుకోవచ్చుగా?"

"అవి ఉండనీ. వేరేవాళ్లకు కావాలి."

వెళ్తూ వెళ్తూ ఒక చర్మ డాక్టర్ కార్డు కౌంటర్ మీద పెట్టాడు.

"ఎవరికైనా మొహం మండితే ఇక్కడికి పంపించు."

డెబ్బై ఏళ్ల మొహం. ఒక్క మచ్చ లేదు!

మంచివన్నీ ఊడ్చుకుపోతున్నాడు, గడుసు ముసలాడు అనుకుందామె.

ఆ తర్వాత నాలుగు శనివారాలు ఆయన రాలేదు.

ఆమె అక్కకు విమానంలో ఉద్యోగం అంటే ప్రాణం. ఇంటర్వ్యూ మూడు రోజుల్లో ఉంది. బుగ్గ మీద రెండు మచ్చలున్నాయని ఒకటే దిగులు.

అమ్మాయి షోకేసులోంచి అన్నిటికన్నా ముదురు సీసా ఏరి ఇంటికి పట్టుకెళ్లింది.

"రాసుకోవే అక్కా. మంచీచెడూ తెలిసినవాళ్లు కొనే సరుకిది."

తెల్లారేసరికి అక్క బుగ్గలు కందిపోయాయి.

"నీ సరుకు తగలెయ్య! ఎల్లుండి ఈ మొహంతో ఎలా వెళ్లనే?"

అప్పుడు గుర్తొచ్చింది, సొరుగులో పడేసిన కార్డు.

డాక్టరమ్మ అక్క మొహం చూసి పూత మందు రాసింది.

"వారం పడుతుంది."

అక్క కళ్లు తుడుచుకుంది.

డాక్టరమ్మ చూపు అమ్మాయి తెచ్చిన సీసా మీద, దానికున్న షాపు చీటీ మీద ఆగింది.

"వెలుతురు తగిలితే ఇది పాడై రంగు తిరుగుతుంది. మీ వీధిలో ఇలాంటివి మిగలకూడదే..."

"ఓ తాతయ్య కొనేవారండీ. ఈమధ్య రావట్లేదు."

"మా నాన్న. పోయి నెలైంది."

అమ్మాయి చేతిలోని కార్డు వంక చూసి అడిగింది.

"పాడైనవి ఎందుకండీ ఆయనకు?"

"పారబొయ్యడానికి. అమ్మొద్దని చెప్తే షాపులవాళ్లు గెంటేశారు. అందుకని కొనడం మొదలుపెట్టారు."

"ఆయనకెందుకండీ అంత పట్టింపు?"

డాక్టరమ్మ ఆ తెల్ల గాజు సీసాను వేళ్ల మధ్య తిప్పింది.

"దీన్ని ముదురు గాజు సీసాలో పెట్టి మొదట తయారుచేసింది ఆయనే, అందంగా కనపడాలని కంపెనీ తెల్ల గాజులోకి మార్చిన రోజే ఉద్యోగం వదిలి ఇంటికొచ్చేశారు."